రోజుకు కిలోన్నర ఉప్పు

పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు అయిదు లీటర్లు. అందులోంచి కణాలను పక్కన పెడితే మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, మూడు లీటర్లు. ఈ మూడు లీటర్ల నుంచే మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఉన్న ప్లాస్మా అంతా రోజుకు అరవైసార్లు రక్తనాళం గోడ దాటి బయటికి వచ్చేస్తుందన్నమాట. ఆ ద్రవంలో కరిగి వచ్చే ఉప్పును తూచగలిగితే కిలోన్నర దాకా తూగుతుంది. చక్కెర 180 గ్రాములు ఉంటుంది. తెల్లారి లేచినప్పటి నుంచి మర్నాడు తెల్లారేదాకా మూత్రంగా బయటికి పోయేది మాత్రం లీటరున్నర నీరు, పది గ్రాముల అటూ ఇటూ ఉప్పు. చక్కెర దాదాపు ఏమీ ఉండదు.

మిగిలిందంతా తిరిగి రక్తంలోకి వెళ్లిపోయింది. మూత్రపిండాన్ని వడపోత యంత్రం అనడం అందరికీ అలవాటు. ఆ మాట తప్పు కాదు కానీ, అది దాని పనిలో చిన్న భాగం, తేలికైన భాగం. వడకట్టిన 180 లీటర్లలో 178 లీటర్లకు పైగా వెనక్కి తెచ్చుకోవడమే అసలు కష్టం. ఒంట్లోని ఆక్సిజన్‌లో మూత్రపిండాలు తమ బరువు వాటాకు ఎన్నో రెట్లు వాడుకునేది ఆ పనికే. జబ్బు ఎక్కడ మొదలవుతుంది, ఎందుకు ఏళ్ల తరబడి తెలియదు అన్న ప్రశ్నలకు జవాబు కూడా అక్కడే ఉంది. ఈ సంగతి విశాఖపట్నంలో ఉన్నవాళ్లు కాస్త శ్రద్ధగా వినాలని నా కోరిక. ఇక్కడ ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలబడి పనిచేసేవాళ్లున్నారు, తాగడానికి పనికిరాని నీటి మీద రోజుల తరబడి గడిపే మత్స్యకారులున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి క్రియాటినిన్ అనే మూత్రపిండాల పరీక్ష రిపోర్టులు పట్టుకుని దశాబ్దాలుగా జనం రైలెక్కి వస్తున్నది కూడా ఈ ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే.

ముందు వడపోత సంగతి చూద్దాం.

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరోపక్క ఉండే ఈ అవయవాలు ఒక్కొక్కటి 150 గ్రాముల బరువు ఉంటాయి. రెండూ కలిపినా శరీరం బరువులో అర శాతం ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో అయిదోవంతు, నిమిషానికి లీటరుకు పైగా, వీటి గుండానే పోతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్‌కూ తల దగ్గర ఒక రక్తకేశనాళికల ముద్ద, దాన్ని చుట్టుకుని బౌమన్ గుళిక, అక్కడి నుంచి వంకరలు తిరుగుతూ సాగే ఒక సన్నని నాళిక ఉంటాయి. ఈ ముద్దల్ని 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన మాల్పీజీ సూక్ష్మదర్శిని కింద చూశాడు. వాటికీ నాళికకూ ఉన్న సంబంధాన్ని 1842లో లండన్‌లో విలియం బౌమన్ తేల్చాడు. అప్పుడే జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఇదంతా రక్తపు ఒత్తిడి వల్ల జరిగే వడపోతేనని వాదించాడు. కప్ప మూత్రపిండంలోని ఒక్క గుళికలోకి సన్నని గాజునాళం గుచ్చి ద్రవం తీసి, లుడ్విగ్ మాట నిజమేనని రుజువు చేసేసరికి 1920లు వచ్చాయి. ఫిలడెల్ఫియాలో ఆ పని చేసినవాళ్లు వేర్న్, రిచర్డ్స్.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో గమనించాలి. ఒంట్లో మామూలుగా కేశనాళిక తర్వాత సిర వస్తుంది. ఇక్కడ అలా కాదు. కేశనాళికల ముద్దలోకి రక్తాన్ని తెచ్చేదీ ధమనికే, బయటికి తీసుకెళ్లేదీ ధమనికే. రెండింటికీ బిగుసుకోగల కండరం ఉంది. వచ్చేదాన్ని వదులు చేసి పోయేదాన్ని బిగిస్తే మధ్యలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఇతర కేశనాళికల్లో ఉండే ఒత్తిడికి ఇక్కడ రెట్టింపు పైన, 55 నుంచి 60 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. రక్తంలోని ప్రొటీన్ల ఆకర్షణ, గుళికలోని ద్రవం వెనక్కి నెట్టే బలం తీసేస్తే చివరికి మిగిలే నికర ఒత్తిడి పది మిల్లీమీటర్లే. ఆ పదితోనే నిమిషానికి 125 మిల్లీలీటర్లు బయటికి వస్తాయి.

ఈ వడపోత గోడకు మూడు పొరలు. లోపలి పొరకు కంతలు ఉంటాయి. మధ్యది మందమైన పొర. వెలుపల పోడోసైట్ కణాలు పాదాల్లాంటి తంతువులను ఒకదాని సందులోకి ఒకటి దూర్చి అల్లుకుంటాయి. ఆ సందుల్లో మళ్లీ సన్నని తెర ఉంటుంది. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అడ్డు లేకుండా దాటిపోతాయి. రక్తకణాలు దాటలేవు. ఆల్బుమిన్ ప్రొటీన్ సైజు రీత్యా సరిహద్దులోనే ఉన్నా, దానికీ గోడకూ ఉన్న రుణావేశాలు వికర్షించుకోవడం కూడా దాన్ని ఆపడానికి తోడ్పడుతుంది. మధుమేహంలో మొదట దెబ్బతినేది ఈ గోడే. అందుకే మధుమేహం ఉన్నవాళ్లకు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏటా చేయించమంటారు. గోడ చిరిగితే ప్రొటీన్ కారుతుంది, నురుగు కనిపిస్తుంది. ఈ గుర్తును మనసులో పెట్టుకోండి. ఉద్దానం దగ్గరికి వచ్చేసరికి ఇది మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఇక నాళిక. నా దృష్టిలో మూత్రపిండం గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

భోగికి ముందు ఇల్లు దులిపే ఇంట్లో పనికిరాని వస్తువు ఎక్కడుందో అని మూలమూలా వెతకరు. సామానంతా వాకిట్లోకి చేర్చి, కావలసినవి ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటారు. బయట మిగిలిపోయింది మంటలోకి పోతుంది. నెఫ్రాన్ చేసేది సరిగ్గా అదే. పనికిరాని పదార్థాన్ని గుర్తుపట్టి పారేసే ఏర్పాటు మీద అది పెద్దగా ఆధారపడదు. చిన్న అణువులన్నిటినీ మొదటే బయటికి వదిలేస్తుంది. తర్వాత తనకు తెలిసినవాటిని, కావలసినవాటిని, కావలసినంత మేరకు వెనక్కి తీసుకుంటుంది. ఈ పద్ధతిలో చాలా శక్తి ఖర్చవుతుంది. కానీ లాభం చూడండి. మన పూర్వీకుల శరీరాలు ఎన్నడూ ఎరగని మందు గానీ రసాయనం గానీ రేపు రక్తంలో చేరిందనుకుందాం. అది ప్రొటీన్‌కు అతుక్కోని చిన్న అణువైతే చాలు, దాన్ని గుర్తుపట్టనవసరం లేదు. తిరిగి రమ్మని పిలిచే ద్వారం దానికి ఎలాగూ ఉండదు కాబట్టి అది మూత్రంలోనే మిగిలిపోతుంది. లోకంలో ఉన్న విషాలన్నిటి జాబితా మోయడం కన్నా, తనకు కావలసిన కొద్దిపాటి పదార్థాల జాబితా పెట్టుకోవడం శరీరానికి తేలిక.

గుళిక దాటగానే వచ్చే మొదటి మెలికల భాగం మోత బరువంతా మోస్తుంది. వచ్చిన ఉప్పులో, నీటిలో మూడింట రెండువంతులు ఇక్కడే వెనక్కి పోతాయి. చక్కెర, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తం పోతాయి. దీనికి మూలం కణం అడుగున ఉండే సోడియం పంపు. అది కణంలోని సోడియాన్ని ఎడతెగకుండా రక్తం వైపు తోసేస్తుంది. కణంలో సోడియం తగ్గుతుంది కాబట్టి నాళికలోని సోడియం లోపలికి రావాలని చూస్తుంది. అలా వచ్చేటప్పుడు చక్కెరను వెంట తెస్తుంది. ఉప్పు వెళ్లినచోటికి నీరు దానంతటదే నడుస్తుంది. ఈ పంపును 1957లో వర్ణించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు నలభై ఏళ్ల తర్వాత, 1997లో, నోబెల్ వచ్చింది. చక్కెరను మోసే ద్వారాలకు పరిమితి ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే అవి చాలక మూత్రంలోకి చక్కెర దిగుతుంది. ఇప్పుడు మధుమేహానికీ, మూత్రపిండాల రక్షణకూ విరివిగా రాస్తున్న గ్లిఫ్లోజిన్ మందులు ఈ ద్వారాల్లో ఒకదాన్ని కావాలని మూసేస్తాయి. వెనక్కి తీసుకోవడంలో పడే శ్రమ తగ్గి, కేశనాళికల ముద్దలో ఒత్తిడి తగ్గి, మూత్రపిండం ఎక్కువ కాలం నిలుస్తుంది.

తర్వాత నాళిక మూత్రపిండం లోతుల్లోకి దిగి, వంగి, మళ్లీ పైకి వస్తుంది. 1862లో దీన్ని వర్ణించిన యాకోబ్ హెన్లీ పేరు మీద మన పాఠ్యపుస్తకాలు దీన్ని హెన్లీ శిక్యం అంటాయి. ఈ వంపు ఎందుకన్నది చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1942లో వెర్నర్ కూన్ అనే భౌతిక రసాయన శాస్త్రవేత్త దీనికి దారి చూపించాడు. దిగే పాయలోంచి నీరు బయటికి పోగలదు, ఎక్కే పాయలోంచి పోలేదు. ఎక్కే పాయ ఉప్పును మాత్రం బయటికి తోస్తూ ఉంటుంది. ఆ ఉప్పు చుట్టూ చేరి, దిగే పాయలోని నీటిని లాగుతుంది. దిగే ద్రవం చిక్కబడి, వంపు తిరిగి, మరింత చిక్కటి ద్రవంగా ఎక్కే పాయకు చేరుతుంది. అది మళ్లీ ఉప్పును తోస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర తేడా కొంచెమే అయినా, రెండు పాయలూ ఎదురెదురుగా ప్రవహించడం వల్ల ఆ తేడా పోగుపడి, మూత్రపిండం లోలోపలికి వెళ్లేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. అట్టడుగున రక్తం కన్నా నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. యూరియా కూడా అక్కడ పోగై ఇందుకు సాయపడుతుంది.

చివర్లో వచ్చే సంగ్రహణ నాళం ఈ ఉప్పు లోతుల గుండానే కిందికి దిగుతుంది. దాని గోడ నీటిని వదలాలా వద్దా అన్నది మెదడు చెబుతుంది. రక్తం చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగినా మెదడులోని కణాలు పసిగట్టి వాసోప్రెసిన్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది తగలగానే కొద్ది నిమిషాల్లో సంగ్రహణ నాళం కణాల్లో దాచి ఉంచిన నీటి ద్వారాలు గోడ మీదికి వస్తాయి. ఇవే ఆక్వాపోరిన్లు. మొదటిదాన్ని గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ద్వారాలు తెరుచుకుంటే నాళంలోని నీటిని బయటి ఉప్పు లాగేసుకుంటుంది. మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. నీళ్లు బాగా తాగినప్పుడు ద్వారాలు మూసుకుని మూత్రం ధారాళంగా, తేటగా వస్తుంది.

ఎంత పొదుపు చేసినా ఒక హద్దు ఉంది. రోజూ తయారయ్యే యూరియా, ఇతర వ్యర్థాలు కరిగి పోవడానికి కనీసం అర లీటరు మూత్రం కావాలి. చుక్క నీరు తాగకపోయినా ఆ అర లీటరు పోవలసిందే. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు బయలుదేరే బోటులో ఐసుతోపాటు మంచినీళ్లు నింపుకోవడం ఎందుకో ఈ లెక్క చెబుతుంది. మహాసముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వానాకాలం తర్వాత నదుల నీరు కలిసి మన బంగాళాఖాతంలో అది కొంత తగ్గుతుంది కానీ, తాగేటంతగా తగ్గదు. లీటరు సముద్రపు నీరు తాగితే ఆ ఉప్పునూ, రోజువారీ వ్యర్థాలనూ కలిపి బయటికి పంపడానికి దాదాపు లీటరున్నర మూత్రం కావాలి. తాగినదానికన్నా అర లీటరు ఎక్కువ పోతుంది. మనిషి మూత్రపిండం ఎంత బలంగా పనిచేసినా ఈ తేడాను దాటలేదు. దప్పికకు తట్టుకోలేక సముద్రపు నీరు తాగిన నావికులు ఒళ్లంతా ఎండిపోయి చనిపోయింది ఇందువల్లే.

ఒడ్డున ఉన్నవాళ్లకు ఇదే లెక్క చెమట రూపంలో ఎదురవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర 1,400 డిగ్రీలు దాటిన ద్రవ ఇనుము కాలువ కట్టి పారుతుంది. కోక్ ఓవెన్ల పైకప్పు మీద పని కూడా తక్కువ వేడిది కాదు. ఇలాంటిచోట బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం మామూలు. దానికి తోడు ఇది సముద్రతీరం. రాజమండ్రితో పోలిస్తే ఇక్కడ ఎండ డిగ్రీల్లో తక్కువే. కానీ గాలిలో తేమ వల్ల కారిన చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, నీటిని మాత్రం తీసుకుపోతుంది. ఉక్కపోతలో ఒళ్లు మరింత చెమట పోసి, దానికీ ఫలితం దక్కక, మరింత ఎండుతుంది.

అప్పుడు మూత్రపిండంలో ఒకేసారి చాలా జరుగుతాయి. రక్తంలో నీరు తగ్గుతుంది. రక్తాన్ని చర్మం వైపు, కండరాల వైపు మళ్లించాలి కాబట్టి మూత్రపిండాలకు పోయే వాటా తగ్గుతుంది. ఉన్న నీటినంతా వెనక్కి లాగమని హార్మోన్లు ఒత్తిడి చేస్తాయి. నాళికకు పని పెరిగిందన్నమాట, తిండి తగ్గిందన్నమాట. ఆ నాళిక మామూలు రోజున కూడా బొటాబొటీగానే బతుకుతుంది. మూత్రపిండం వెలుపలి పొరలో ఆక్సిజన్ ఒత్తిడి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటే, లోలోపల అది పది, ఇరవైకి పడిపోతుంది. పోగుచేసుకున్న ఉప్పు కొట్టుకుపోకుండా ఉండాలంటే అక్కడ రక్తం నెమ్మదిగానే పారాలి. మూత్రాన్ని చిక్కబరచగల శక్తికి శరీరం చెల్లించే మూల్యం ఇది. ఒకరోజు ఇలా జరిగితే రాత్రికి కోలుకుంటుంది. ఏళ్ల తరబడి, వేసవి తర్వాత వేసవి, షిఫ్టు తర్వాత షిఫ్టు ఇదే జరిగితే కొన్ని కణాలు తిరిగి కోలుకోవు. చిక్కటి మూత్రంలో రాళ్లు కట్టడం మరో సంగతి. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థకు చెందిన విద్యా వేణుగోపాల్ బృందం దక్షిణ భారతంలోని ఉక్కు కార్మికులను పరీక్షించినప్పుడు, వేడి ఎక్కువగా తగిలే చోట్ల పనిచేసేవాళ్లలోనే రాళ్లు ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ నొప్పి బిళ్లల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం తెచ్చే ధమనిక పూర్తిగా బిగుసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు దాన్ని తెరిచి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. చల్లగా ఇంట్లో కూర్చుని, నీళ్లు బాగా తాగిన ఆరోగ్యవంతుడు ఒక బిళ్ల వేసుకుంటే పెద్దగా ఏమీ కాదు. పగలంతా ఎండలో బస్తాలు మోసి, ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కుని రోజూ వేసుకునే మనిషి సంగతి అలా కాదు. మూత్రపిండానికి మిగిలి ఉన్న ఆ ఒక్క రక్షణా అతనికి సరిగ్గా కావలసిన సమయంలోనే పోతుంది.

ఉద్దానం కథ ఈ నేపథ్యంలో చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కంటికి చల్లగా కనిపించే నేల. అక్కడ రైతులు, కూలీలు మధుమేహం లేకుండానే, పెద్ద రక్తపోటు లేకుండానే మూత్రపిండాలు పాడై డయాలసిస్ దాకా వస్తున్నారని విశాఖ వైద్యులు చాలా కాలం క్రితమే గమనించారు. ఆంధ్రా వైద్య కళాశాలలో నెఫ్రాలజీ ఆచార్యుడిగా పనిచేసి, తర్వాత ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతి అయిన డాక్టర్ టి. రవిరాజు ఈ జబ్బును లోకం దృష్టికి తెచ్చినవాళ్లలో ముఖ్యులు. ఆయన బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన రెండువేల పైచిలుకు మందిలో దాదాపు 18 శాతానికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉందని తేలింది. వాళ్లలో నాలుగింట మూడువంతులకు దగ్గరగా ఉన్నవాళ్ల జబ్బుకు తెలిసిన కారణం ఏదీ దొరకలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కోత కూలీలకు వస్తున్న జబ్బు కూడా ఇలాంటిదే.

ఈ ప్రాంతాలన్నిటా జబ్బు మొదలయ్యేది కేశనాళికల ముద్దలో కాదు, నాళికలో, నాళికల మధ్య ఉండే కణజాలంలో. ఇంతకుముందు గుర్తుంచుకోమన్న సంగతి ఇప్పుడు పనికొస్తుంది. వడపోత గోడ బాగానే ఉంటుంది కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కారదు. నురుగు రాదు, కాళ్లవాపు రాదు. మూత్రంలో ముంచి చూసే ప్రొటీన్ పరీక్ష పుల్ల రంగు మారదు. మనిషి తోటలో పనిచేసుకుంటూనే ఉంటాడు. ఇరవై లక్షల నెఫ్రాన్లలో సగం పోయినా మిగతావి ఎక్కువ పని నెత్తికెత్తుకుని నెట్టుకొస్తాయి. కొత్త నెఫ్రాన్లు మాత్రం పుట్టవు. తల్లి కడుపులో ఉండగానే వాటి తయారీ పూర్తవుతుంది. ఆకలి తగ్గడం, వాంతులు, దురద, ఆయాసం మొదలయ్యేసరికి చాలామందిలో పది పదిహేను శాతం శక్తే మిగిలి ఉంటుంది.

మరి ముందుగా కనిపెట్టడం ఎలా? ఉద్దానంలో ఇంటింటా తెలిసిన మాట క్రియాటినిన్. ఈ పదార్థం వెనక ఒక తెలుగువాడి పని ఉందని తెలిసినవాళ్లు తక్కువ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరాడు. పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశాడు. పగలు హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రయోగశాలల్లో తరాల తరబడి వాడుకలో ఉంది. అదే కొలతతో కండరాన్ని పరీక్షిస్తూ, 1927లో ఇద్దరూ ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం క్షణాల్లో వాడుకోగల శక్తి నిల్వ అది. ఆ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొద్దికొద్దిగా, దాదాపు ఒకే వేగంతో విరిగితే వచ్చేదే క్రియాటినిన్. రోజుకు ఒకటి రెండు గ్రాములు తయారవుతుంది. నాళిక దాన్ని వెనక్కి తీసుకోదు. అందువల్ల వడపోత తగ్గితే అది రక్తంలో పోగుపడుతుంది. దాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని వైద్యానికి పనికొచ్చేలా తీర్చినవాడు ఒట్టో ఫోలిన్. సుబ్బారావు పనిచేసిన విభాగానికి అధిపతి ఆయనే.

క్రియాటినిన్ రిపోర్టులో చాలామంది పొరబడేచోటు ఒకటుంది. ల్యాబ్ కాగితం మీద సుమారు 0.6 నుంచి 1.2 దాకా మామూలు అని రాసి ఉంటుంది. సన్నగా ఉన్న ఒక కూలీకి ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకె 0.6 అనుకుందాం. వడపోత సగానికి పడిపోతే అది రెట్టింపై 1.2 అవుతుంది. కాగితం మీద అది ఇంకా మామూలే. కండ తక్కువ ఉన్నవాళ్లలో అంకె ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది కాబట్టి పొరపాటుకు అవకాశం వాళ్లలోనే ఎక్కువ. అందుకే డాక్టర్లు వయసు, ఆడ మగ తేడా కలిపి ఈజీఎఫ్ఆర్ అనే లెక్క కడతారు. దానికన్నా విలువైనది మన పాత అంకె. నిరుడు 0.7 ఉన్నది ఈ ఏడు 1.1 అయితే అది నార్మల్ కాదు. పాత రిపోర్టు దాచుకున్న మనిషికే ఆ సంగతి తెలుస్తుంది.

సుబ్బారావు రాత్రులు గడిపిన ఆ బ్రిగమ్ ఆసుపత్రికి మూత్రపిండాల చరిత్రలో పెద్ద చోటుంది. నెదర్లాండ్స్‌లో యుద్ధకాలంలో, 1943లో, విలెం కోల్ఫ్ తయారుచేసిన డయాలసిస్ యంత్రాన్ని తర్వాత మెరుగుపరచింది అక్కడే. ప్రపంచంలో నిలిచిన మొదటి మూత్రపిండ మార్పిడి 1954లో జోసెఫ్ ముర్రే చేతుల మీదుగా జరిగిందీ అక్కడే. 2017 జూలైలో ఉద్దానం సమస్య మీద విశాఖ వచ్చిన హార్వర్డ్ వైద్యబృందానికి నాయకత్వం వహించిన జోసెఫ్ బోన్‌వెంట్రె కూడా బ్రిగమ్ వైద్యుడే. కిమ్-1 అనే అణువును వెలుగులోకి తెచ్చింది ఆయన బృందమే. నాళిక మొదటి భాగపు కణం గాయపడితే ఈ అణువు దాని మీద మొలిచి, మూత్రంలోకి రాలుతుంది. క్రియాటినిన్ పెరగక ముందే నాళికకు తగిలిన దెబ్బను చెప్పగల పరీక్ష ఇది. ఉద్దానం లాంటిచోట్ల వెతకవలసింది ఇలాంటి గుర్తుల కోసమే.

కారణం మాత్రం ఇంకా తేలలేదు. భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్లలు, ఎండలో నీళ్లు లేని శ్రమ, వంశపారంపర్యం అన్నీ అనుమానితాలే. ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. ఒకటి కాక రెండు మూడు కలిసి పనిచేస్తున్నాయన్నది నాకు సబబుగా తోచే మాట. వడకట్టిన ద్రవం నాళికలో చిక్కబడేకొద్దీ అందులోని విషం కూడా చిక్కబడుతుంది. చెమటకు ఎండిన శరీరంలో మూత్రం నాలుగు రెట్లు చిక్కనైతే, తాగిన నీటిలో లేశమాత్రంగా ఉన్న లోహం నాళిక కణాలకు ఎక్కువ మోతాదులో తగులుతుంది. వేడి, విషం ఒకదానికొకటి తోడవుతాయి. వేర్వేరుగా చూస్తే ఏదీ దోషిలా కనిపించకపోవచ్చు.

రుజువు కోసం ఆగకుండా చేసిన పనులున్నాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కోసం విశాఖ దాకా వచ్చిపోయే బాధ కొందరికైనా తప్పింది. డయాలసిస్ ప్రాణం నిలుపుతుంది. అయితే వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు నడిచే ఆ యంత్రం చేసేది వ్యర్థాలను, అదనపు నీటిని తీయడమే. క్షణక్షణం కొలిచి వెనక్కి తీసుకునే నాళిక పని దానికి రాదు. ఎముక మజ్జను రక్తకణాలు తయారుచేయమని పురమాయించే ఎరిత్రోపోయిటిన్‌ను అది తయారుచేయదు, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చదు. అందుకే డయాలసిస్ రోగికి ఇంజెక్షన్లు, బిళ్లలు, కొలిచి తాగే నీళ్లు తప్పవు.

నికరాగువాలో చెరకు తోటల యాజమాన్యం ఒకటి పరిశోధకుల సలహాతో మరో దారి పట్టింది. కోత కూలీలకు పొలంలోనే కదిలే నీడ పందిళ్లు పెట్టారు. గంటల లెక్కన తప్పనిసరి విరామం ఇచ్చారు. నీళ్లు, లవణాల ద్రావణం మనిషి దగ్గరికే చేర్చారు. కోసినదాన్ని బట్టి కూలి కట్టేచోట విరామం తీసుకున్న మనిషికి డబ్బు తగ్గుతుంది కాబట్టి, విరామాన్ని వాళ్ల ఇష్టానికి వదలకుండా పనిలో భాగం చేశారు. కోతకాలానికి ముందూ తర్వాతా క్రియాటినిన్ కొలిచి చూస్తే, ఈ మార్పులు బలపడినకొద్దీ కిడ్నీ దెబ్బతిన్న కూలీల సంఖ్య తగ్గింది. జబ్బుకు మూలకారణం అక్కడా పూర్తిగా తేలలేదు. అయినా పని జరిగింది. విశాఖ ఓడరేవులో బొగ్గు, ఖనిజం దించేచోటా, గాజువాక వర్క్‌షాపుల్లోనూ, కర్మాగారంలో కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీలకూ మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించి, రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి చూడడానికి కొత్త శాస్త్రమేదీ అక్కర్లేదు.